పెరట్లో పిట్టలకి గింజలు: కోతులు, ఉడతలు, ఎలుగులు తిరిగే మన ఊళ్లకి ఏ పద్ధతి సరిపోతుంది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పెరట్లో నిమ్మచెట్టు కొమ్మకి కట్టిన ప్లాస్టిక్ సీసా గింజల డబ్బాని ఒక కోతి ఎలా విప్పిందో నేను వంటింటి కిటికీలోంచి మొత్తం చూశాను. ముందు తాడు పట్టుకుని సీసాని పైకి లాక్కుంది. రెండు పక్కలా దూర్చిన చెక్క గరిటెల్లో ఒకదాన్ని పీకి, వాసన చూసి పారేసింది. ఆ బెజ్జంలో చూపుడు వేలు పెట్టి నాలుగు గింజలు లాక్కుని తిన్నది, తర్వాత సీసా అడుగుని పళ్లతో కొరికి చింపేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, అరకిలో గంటెలు (సజ్జలు) నేలపాలయ్యాయి. మర్నాడు అదే టైముకి ఇంకో పది కోతుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా మామ్మ గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, పిచ్చుకకి పెట్టినావా, కోతికి పెట్టినావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి మా ఇంట్లోనూ, గుణుపురంలో మా అన్నయ్యా వదినా ఉండే ఇంట్లోనూ, కాశీనగరం అవతల కొండ కిందున్న మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లోనూ రకరకాల పద్ధతులు చూశాను, కొన్ని నేనే కట్టాను, కొన్ని విప్పి పారేశాను. నాకు అర్థమైంది ఇది: ఏ డబ్బా మంచిది అని అడిగే ముందు మన పెరట్లోకి ఏ జంతువు వస్తోందో తెలుసుకోవాలి. ఉడతని ఆపేది కోతిని ఆపదు, కోతిని ఆపేది ఎలుకని ఆపదు, ఎలుగుబంటిని ఆపే డబ్బా అసలు లేదు.

పగలు వచ్చేవి ఎలాగూ కంటపడతాయి. రాత్రి ఎవరొస్తున్నారో తెలియకపోతే గింజలు పెట్టే చోట కింద జల్లించిన బూడిద పల్చగా చల్లి పడుకోండి. పొద్దున్నే చూస్తే ఎలుక, పందికొక్కు అయితే చిన్న చిన్న అడుగులు, పక్కనే నల్లటి పెంటికలు ఉంటాయి. పిల్లి అడుగు గుండ్రంగా ఉంటుంది, గోరు గుర్తు కనపడదు. ఎలుగు అడుగైతే పొరపడే వీలే లేదు, వెడల్పాటి ముద్ర, దాని ముందు పొడుగాటి గోళ్ల గీతలు. అలాంటిది ఒక్కసారి కనపడినా డబ్బాల పోలిక పక్కన పెట్టేసి, ఎలుగు గురించి రాసిన భాగం ముందు చదవండి.

ఆన్‌లైన్‌లో అమ్మే ఉడత డబ్బాలు

చాలామంది డబ్బు ఇక్కడే పోతోంది కాబట్టి దీని సంగతి ముందు చెప్తాను. ఉడతలు తినలేవు అని రాసి అమ్మే డబ్బాల్లో చాలావరకు అమెరికా ఉడతని మనసులో పెట్టుకుని చేసినవి. అక్కడి బూడిదరంగు ఉడత అరకిలో దాకా తూగుతుంది, దానితో పోలిస్తే గింజలకొచ్చే పిట్టలు చాలా తేలిక, అందుకే బరువు పడగానే స్ప్రింగు దిగి కన్నం మూసుకుపోయే డబ్బా అక్కడ బాగా పనిచేస్తుంది. మన చారల ఉడత వంద గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఊరపిచ్చుక పాతిక ముప్ఫై గ్రాములే కాబట్టి దానికి ఇబ్బంది లేదు, కానీ గువ్వలూ రామచిలుకలూ ఉడతంతో, అంతకంటే కొంచెం ఎక్కువో తూగుతాయి. స్ప్రింగుని ఉడతకి మూసుకునేలా బిగిస్తే గువ్వకీ చిలుకకీ కూడా మూసుకుంటుంది, వదులు చేస్తే ఉడత హాయిగా కూర్చుని తింటుంది. పిచ్చుకలకి మాత్రమే పెడతాను అనుకునేవాళ్లకి తప్ప ఇది దండగ. పైగా కోతి చేతికి చిక్కితే ఆ స్ప్రింగు ఒక్క పూట నిలవదు.

ఇనుప వలలో పెట్టిన డబ్బాదీ కొంతవరకు ఇదే కథ. అంగుళంన్నర గడి ఉన్న వల చుట్టూ ఉంటే పిచ్చుకలు, జీనువాయిలు దూరి తింటాయి, కాకులు, పావురాలు, పిల్లి బయటే ఆగిపోతాయి. మన ఉడత మాత్రం పిచ్చుక దూరిన గడిలోంచే తనూ దూరేస్తుంది. కాబట్టి ఉడత కోసం వల కొనకండి. కోతి కోసమైతే వల పనికొస్తుంది, కానీ రెడీమేడ్‌ది కాదు. గుణుపురంలో మా అన్నయ్య వెల్డింగ్ షాపులో మందపాటి తీగ వెల్డ్ మెష్‌తో పెట్టె చేయించి, తాడుతో వేలాడదీయకుండా గోడకే క్లాంపులతో బిగించాడు. లోపల గింజల పళ్లెం వలకి అన్నివైపులా జానెడున్నర దూరంలో ఉంటుంది, ఎందుకంటే పిల్లకోతి చెయ్యి గడిలోంచి మోచేతి దాకా వెళ్తుంది. కోతులు రెండు రోజులు ఊపి ఊపి చూసి వదిలేశాయి. కోళ్లకి వేసే పల్చటి వలతో చేస్తే మాత్రం ఒక్క గుంజుకి ఊడొస్తుంది, ఆ చిట్లిన తీగ కొసలు పిట్టల కాళ్లకి గుచ్చుకుంటాయి, అది ఇంకా అన్యాయం.

ఉడతలకి నాకు పనిచేసింది: స్తంభం

ముందే చెప్పాలి, ఉడతలు కొంచెం తింటే నాకు పెద్ద బాధ లేదు. పక్కింటి మావుసీ (పిన్ని) వాటిని ఒడియాలో గుండుచి అని పిలుస్తూ రోజూ రొట్టె ముక్క పెడుతుంది. నా ఇబ్బందల్లా అవి పళ్లెంలో కూర్చుంటే గంటసేపు పిట్ట వాలదు, గింజలన్నీ కింద చిమ్ముతాయి, ఆ చిమ్మిన గింజలకి రాత్రి పందికొక్కులు, వాటి వెనకాల పాములు వస్తాయి. మా పెరట్లో ఒక వర్షాకాలం రెండుసార్లు జెర్రిపోతు కనపడింది. జెర్రిపోతుకి విషం లేదు, కానీ ఎలుకల కోసం నాగుపాము కూడా అదే దారిన వస్తుంది కదా. అందుకే కింద రాలే గింజ నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సమస్య.

ఎనిమిదడుగుల అంగుళం జీఐ పైపు తీసుకుని అడుగున్నర లోతు సిమెంటుతో పాతాను. దానికి మధ్యలో, నేల నుంచి మూడడుగుల ఎత్తున మొదలయ్యేలా, ఆరంగుళాల వెడల్పు ఉన్న పీవీసీ డ్రైనేజీ పైపు ముక్క రెండున్నర అడుగులది తొడిగి, దాని పైమూతిని మూత పెట్టి బిగించాను. పళ్లెం అన్నిటికీ పైన. మొదటి రోజు ఉడత ఎక్కడం నేను దగ్గర్నుంచే చూశాను. సన్న పైపు మీద చకచకా ఎక్కి పీవీసీ పైపు లోపలికి దూరింది, తోక కూడా మాయమైంది, లోపల గోళ్ల గీకుడు వినపడుతోంది, పైన మూత తగిలాక తోకతో సహా వెనక్కి దిగి నేలమీద నిలబడి పైకి చూసింది. రెండోసారి పైపు బయట నుంచి ప్రయత్నించింది. అంత వెడల్పాటి నున్నటి పైపుకి దాని గోళ్లకి పట్టు దొరకలేదు. వారం తిరిగేసరికి మళ్లీ పళ్లెంలో కూర్చుంది! ఎలాగా అని చూస్తే బట్టల తీగ మీద నడుచుకుంటూ వచ్చి అక్కణ్ణుంచి దూకుతోంది. తీగని అవతలి గోడకి మార్చాక ఆగింది. కాబట్టి చెట్టు కొమ్మ, గోడ, తీగ, పిట్టగోడ, ఏదైనా సరే స్తంభానికి కనీసం ఎనిమిది పదడుగుల దూరంలో ఉండాలి. మన పెరళ్లు చిన్నవి, ఈ దూరం దొరకని ఇంట్లో స్తంభం పెట్టి ఉపయోగం లేదు, ఆ ఖర్చు పెట్టకండి.

స్తంభానికి గ్రీజు రాయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి రాయకండి. అది ఉడత బొచ్చుకి, పిట్ట ఈకలకి అంటుకుంటే వదలదు, ఈకలు తడిసి ముద్దయిన పిట్ట ఎగరలేక పిల్లి పాలవుతుంది. ఎలుకల కోసం అమ్మే జిగురు అట్టలు కూడా అంతే, వాటికి పిచ్చుకలు అతుక్కుని చచ్చిపోతాయి.

ఈ స్తంభం ఎలుకల్నీ పందికొక్కుల్నీ కూడా ఆపుతుంది. కోతిని ఆపదు.

కారం కలపడం

దీని మీద సగం నిజం ప్రచారంలో ఉంది కాబట్టి వివరంగా చెప్తాను. పిట్టలకి కారం తెలియదు అన్నది నిజమే. మనకీ, ఉడతకీ, కోతికీ నోట్లో కారాన్ని మంటగా పట్టుకునే గ్రాహకం ఉంది, దాన్ని కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. పిట్టల్లో అదే గ్రాహకం వేడికి స్పందిస్తుంది కానీ మిరపలోని ఘాటు పదార్థానికి స్పందించదని ఆయన బృందం 2002లోనే చూపించింది. మిరపపళ్లు తిని గింజల్ని దూరాలకి మోసేది పిట్టలు, గింజల్ని నమిలి పాడుచేసేది ఎలుకల్లాంటివి, మిరపచెట్టుకి ఆ ఏర్పాటు లాభమే.

అయినా నేను కారం వద్దనే అంటాను. పొడి కారం గింజకి అంటదు, గాలికి లేచి పిట్ట కంట్లో, మన కంట్లో పడుతుంది. అంటుకోవాలంటే నూనె కలపాలి, నూనె కలిపిన నూకలు మన ఉక్కపోతకి వారంలో ముక్కవాసన వేస్తాయి. వాన పడితే మొత్తం కడుక్కుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పెరట్లో చిన్నపిల్లలు ఆ పళ్లెం ముట్టుకుని కళ్లు నులుముకుంటారు. మా మేనకోడలికి అలాగే అయింది, ఆ పూట పిల్ల ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తు.

కోతులు రోజూ వచ్చే వీధి

మనవైపు తిరిగేవి ఎక్కువగా ఎర్రమూతి కోతులు. కొండముచ్చులు కూడా ఉన్నాయి కానీ వాటికి ఆకులు, కాయలు ప్రధానం, గింజల డబ్బా కోసం అంతగా పట్టుబట్టవు. ఎర్రమూతి మందకి ఒక ఇంట్లో తిండి దొరుకుతుందని తెలిస్తే ఆ ఇంటితో ఆగదు, పక్కింటి వంటగది, ఎదురింటి పిల్లాడి చేతిలో బిస్కెట్ పొట్లం దాకా వెళ్తుంది. అందుకే మంద రోజూ తిరిగే వీధిలో ఉన్నవాళ్లకి నా సలహా కటువుగానే ఉంటుంది: బయట గింజలు పూర్తిగా మానెయ్యండి, కనీసం నెల రోజులు, వీలైతే ఇరుగుపొరుగుని కూడా ఒప్పించి. ఒక్కరు పెట్టి పదిమంది మానేస్తే లాభం లేదు.

పులి బొమ్మలు, కొండముచ్చు ఫ్లెక్సీలు మా వీధిలో అందరూ కట్టారు. కదలని బొమ్మ అని తెలుసుకునేదాకా, అంటే కొద్దిరోజులు పనిచేస్తాయి, రెండు రోజులకోసారి చోటు మారిస్తే ఇంకొంచెం ఎక్కువ. నిజం కొండముచ్చుని తెచ్చి కట్టేసేవాళ్లు ఉన్నారు, అది వన్యప్రాణి చట్టం కింద నేరం, ఆ మూగజీవికి నరకం. కోతి కరిచినా, రక్కినా ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. పసుపు రాసి కట్టు కట్టేయడంతో సరిపెట్టుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను.

గింజలు మానేస్తే పిట్టలు రావని బెంగపడొద్దు. మట్టి మూకుట్లో నీళ్లు పెట్టండి, రెండు రోజులకోసారి పారబోసి రుద్ది కడగండి, దోమలు గుడ్లు పెట్టి పెరగడానికి టైము ఇవ్వకూడదు. మందారం, నూరువరహాలు ఉంటే తేనెపిట్టలు వస్తాయి, కరివేపాకు చెట్టుని పూతకీ పండుకీ వదిలేస్తే కోకిలలూ పిగిలిపిట్టలూ వస్తాయి. ఇంకో సంగతి, పిచ్చుక పిల్లలకి తల్లి తినిపించేది ఎక్కువగా పురుగులే, గింజలు కాదు. మొక్కలకి పురుగుమందు కొట్టకపోవడం వాటికి గుప్పెడు నూకల కంటే ఎక్కువ మేలు.

కొండ కింద ఊళ్లు, ఎలుగు

ఇది భయపెట్టడానికి రాయడం లేదు. మా పెద్దమ్మ ఎవరి దగ్గరో విని, వేరుశనగపొడి, బెల్లం, నూకలు కలిపి ముద్ద చేసి కొబ్బరిచిప్పలో నొక్కి పనసచెట్టుకి కట్టింది. పిగిలిపిట్టలు, గోరింకలు వచ్చాయి, ఆవిడ చాలా సంతోషపడింది. అయిదో రాత్రి కుక్కలు ఒకటే మొరిగాయి. తెల్లారి నేను వెళ్లేసరికి వెదురు దడి ఒక పక్క పడిపోయి ఉంది, కొబ్బరిచిప్ప రెండు ముక్కలు, పనస కాండం మీద నా భుజమంత ఎత్తున నాలుగైదు గీతలు, వాటిలోంచి పాలు కారి అప్పటికే జిగురుగా గడ్డకట్టాయి. వాళ్ల మరుగుదొడ్డి ఆ చెట్టుకి పది అడుగుల దూరంలో ఉంది. రాత్రి ఆవిడ లేచి బయటికి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

ఎలుగుకి వాసన పట్టే శక్తి చాలా ఎక్కువ. చెదపురుగులు, తేనె, ఇప్పపూలు, పనస, జీడిపళ్లు దాని తిండి, బెల్లం వాసన దాన్ని పిలిచినట్టే. కాబట్టి అడవి పక్క ఊళ్లలో వేరుశనగ, బెల్లం, పళ్లు బయట అసలు పెట్టకండి. నూకలు, చోళ్లు (రాగులు) లాంటివైతే పొద్దున్న గుప్పెడు వేసి, తొమ్మిదింటికల్లా మిగిలింది ఊడ్చి లోపలికి తీసుకోండి. గింజల డబ్బా మూత గట్టిగా పెట్టి ఇంటి లోపలే ఉంచాలి, వరండాలో కాదు. రాలిన పనసపళ్లు, జీడిపళ్లు చీకటి పడకముందే ఏరెయ్యండి. రాత్రి బయటికి వెళ్తే టార్చి వేసి, చప్పుడు చేస్తూ వెళ్లండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది, దానికి ఉచ్చు పెట్టడం నేరం, వస్తోందని తెలిస్తే ఫారెస్టు వాళ్లకి చెప్పాలి. దడికి కరెంటు తీగ కట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే వెంటనే మాన్పించండి. అలాంటి తీగలకి ఏనుగులూ, ఎలుగులూ, పొలానికెళ్లిన మనుషులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మరి ఏది ఎంచుకోవాలి

టౌన్లో ఉండి, ఉడతలూ పిల్లీ తప్ప ఇంకేమీ రాని ఇల్లయితే, చోటుంటే పైపు స్తంభం. దాని పళ్లెం కింద ఒక అడుగు వెడల్పాటి పాత స్టీలు బేసిన్ బిగిస్తే రాలిన గింజ అందులోనే పడుతుంది, రోజూ దులపొచ్చు. పిల్లి కోసం స్తంభం చుట్టూ గుబురు మొక్కలు లేకుండా చూసుకోండి. కోతులు ఎప్పుడో నెలకోసారి వచ్చి పోయే ఇల్లయితే గోడకి బిగించిన గట్టి వల పెట్టె, ఖర్చు ఎక్కువైనా ఏళ్ల తరబడి ఉంటుంది. రోజూ కోతులైతే నీళ్లు, మొక్కలు. కొండ పక్కనైతే పొద్దుటి గుప్పెడు, అంతే. సీసాలతో చేసే డబ్బాలు ఎవరికీ చెప్పను. ఎండకి ఆ ప్లాస్టిక్ పెళుసైపోతుంది, గింజకి చెమ్మ పట్టి లోపల బూజు వస్తుంది, బూజు పట్టిన గింజ పిట్టని చంపగలదు. ఏ పద్ధతైనా సరే వారానికోసారి పళ్లెం వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి, వానలు జోరుగా ఉన్న నెలల్లో ఒక్క పూటకి సరిపడా మించి వెయ్యకండి.

అన్నిటికంటే నేను ఇష్టపడేది మాత్రం మన పాత పద్ధతి, వరికంకుల కుచ్చు. మామ్మ వాళ్ల కాలంలో ప్రతి ఇంటి చూరుకీ ఒకటి వేలాడేది. పిచ్చుక వడ్లగింజ ముక్కుతో పట్టుకుని పొట్టు ఒలిచి తింటుంది, అది చూడ్డానికే గంటసేపు కూర్చోవచ్చు. ఒకసారి కట్టేది తక్కువ గింజ కాబట్టి కోతి లాక్కెళ్లినా పోయేది గుప్పెడే, దానికోసం మంద మళ్లీ మళ్లీ రాదు, కనీసం మా ఇంట్లో రాలేదు. మనుషులు తిరిగే వరండా మధ్యలో స్లాబు కొక్కేనికి సన్న ఇనుప తీగతో కట్టండి, తాడుతో కడితే ఉడత దిగుతుంది. తీగ మధ్యలో పాత పళ్లెం ఒకటి బోర్లించి గుచ్చితే, దిగే ఉడత పళ్లెం మీద ఆగిపోతుంది. కొండ కింద ఊళ్లలో దీన్ని కూడా సాయంత్రం విప్పి లోపల పెట్టాలి. పిచ్చుకల గూడు పక్కనే కట్టకండి, గింజలకొచ్చిన కాకులు గుడ్లు కూడా చూస్తాయి.

కుచ్చుకి కంకులు దొరకడమే ఇప్పుడు కష్టం. మిషను కోతలో కంకి మిగలదు, గింజ వేరు గడ్డి వేరు అయిపోతుంది. కాబట్టి కోతలు మొదలవకముందే, దీపావళి దాటగానే తెలిసిన రైతుని అడిగి, గట్టు పక్క రెండు వరసలు కొడవలితో కోయించుకోండి. పాలు ఇంకి గింజ గట్టిపడ్డ కంకి కావాలి, పచ్చిది బూజు పడుతుంది. మూడు రోజులు నీడలో ఆరబెట్టి, పిడికిట్లో పట్టేంత కుచ్చులు కట్టి, లోపలి గదిలో ఎలుకలకి అందకుండా తీగ మీద వేలాడదీసుకుంటే మళ్లీ వేసవి దాకా సరిపోతాయి.